ఫోన్ ఎత్తని డ్రైవింగ్ స్కూలు

ముందుగా ఒక మాట. ఈ డ్రైవింగ్ స్కూలుకు ఫోన్ చేస్తే ఎత్తరు. నేను 11 సార్లు చేసినాను. 12వ సారి ఎవరో పిల్లోడు ఎత్తి, "సార్ బండిలో ఉండాడు మేడమ్, పొద్దన్నే ఐదున్నరకు టీ అంగడి కాడికి రండి" అని పెట్టేసినాడు. డబ్బులిచ్చి నేర్చుకునేది మనం, మళ్ళా తెల్లారకముందే పోయి టీ అంగడి ముందర నిలబడాల్నా అని ఒళ్ళు మండింది. అప్పటికే ఇంకోచోట 4,000 పోగొట్టుకొని ఉన్నాను కాబట్టి కోపం దిగమింగుకొని పోయినాను.

ఈ రివ్యూలో స్కూలు పేరు రాయడం లేదు. బోర్డు మీద సగం పేరు ఎండకు చెరిగిపోయింది. మిగతా సగం రాయొద్దని సారే అన్నాడు. ఉన్నది ఒక్క బండి, ఇంకా జనం వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలని ఆయన బాధ. తిరుపతి కొర్లగుంట లోపలి వీధుల్లో ఎవరినడిగినా "ఆర్టీసీ సార్ డ్రైవింగా?" అని చెయ్యి చూపిస్తారు.

నా సంగతి కొంచెం. నాకు 48 ఏళ్ళు. చంద్రగిరి అవతల జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా ఆయనకు శ్రీసిటీలో ఉద్యోగం, వారానికొకసారి వస్తాడు. మిగతా ఆరు దినాలు కారు గుడ్డ కప్పుకొని ఇంటి ముందర నిద్రపోతుంది. మా అత్తకు మోకాళ్ళు పట్టేసి ఆటో ఎక్కలేని పరిస్థితి వచ్చినాక, ఇంట్లో కారు పెట్టుకొని డ్రైవర్ కోసం వీధంతా అడుక్కోవడం నాకే సిగ్గనిపించింది.

మొదట చేరిన చోటు గురించి ఎక్కువ రాయను. అక్కడ నేర్పించే ఆయన ఒక చెవిలో ఫోన్ పెట్టుకొని, ఇంకో చెవితో నా మాట వినేవాడు. ఆయన కాళ్ళు ఎప్పుడూ ఆయన వైపు ఉండే క్లచ్చు, బ్రేకుల మీదే. బండి పోతుంటే నేనే నడుపుతున్నానని మురిసిపోయినాను. ఎనిమిది దినాల తర్వాత ఒకనాడు ఆయన కాలు తీసి చెప్పులో రాయి దులుపుకుంటుంటే బండి టక్కున ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నడిపింది ఎవరో అప్పుడు తెలిసింది. ఆ ఎనిమిది దినాల్లో నాకు బాగా వచ్చింది హారన్ ఒక్కటే. కొట్టమని ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. ఆయన కొడుతుంటే చూసినాను, అంతే.

ఇక్కడి సార్‌కు అరవై దాటినాయి. తిరుమల ఘాట్‌లో ఏళ్ళ తరబడి బస్సు నడిపి రిటైరైనాడు. బండి పాత తెల్ల ఆల్టో. ఏసీ లేదు. నేర్చుకునేవాళ్ళ సీటు ఎడంపక్కకు కుంగిపోయింది, మూడో దినం నుంచి నేను ఇంట్లో దిండు పట్టుకుపోయినాను. ఆయన దగ్గర ఒక పిల్లోడు ఉండాడు, ఇరవై ఏళ్ళుంటాయి, వెనక సీట్లో కూర్చుంటాడు. సార్ వాన్ని చిన్నోడా అంటాడు, వాడు సార్‌ను మామా అంటాడు. రేపు ఈ స్కూలు నడిపేది వాడే.

మొదటి రెండు దినాలు సార్ నాకు స్టీరింగ్ ఇవ్వలేదు. "పక్కన కూచో టీచరమ్మా" అని తానే నడిపినాడు. కొర్లగుంట నుంచి కపిలతీర్థం, అలిపిరి, జూపార్కు రోడ్డు, చెర్లోపల్లి, తిరిగి ఇంటికి. అర్ధగంటలో ఆయన మాట్లాడింది పది మాటలుండవు. నేను లోపల లెక్కలేసుకుంటున్నాను. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో వచ్చినాయి. వాటి ప్రకారం కారు నేర్చుకునేవాళ్ళకు శిక్షణ 21 దినాలకు తగ్గకూడదు, స్టీరింగ్ పట్టుకొని నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. దినానికి అర్ధగంట లెక్కన 21 దినాలకు పదిన్నర గంటలు. అందులో రెండు దినాలు పోతే మిగిలేది తొమ్మిదిన్నర. అంటే నాకు అర్ధగంట బాకీ. రెండో దినం దిగేటప్పుడు ఇదే లెక్క సార్‌కు చెప్పినాను.

ఆయన నవ్వలేదు, వాదించలేదు. డ్యాష్‌బోర్డు కింద నుంచి రిజిస్టరు తీసి చూపించినాడు. ఎవరు ఏ దినం ఎంతసేపు నడిపినారో రాసే పుస్తకం అది. నా పేరు ఎదురుగా రెండు దినాలకూ సున్నా పెట్టి ఉంది. "నువ్వు నడపలేదు గదమ్మా, యెట్లా రాస్తా? నీకు 23 దినాలు" అన్నాడు. ఎక్కువ డబ్బులు తీసుకోలేదు. ముందటి చోట చేరిన దినమే 21 గళ్ళలో నాతో సంతకాలు పెట్టించుకున్నారు. లెక్కల టీచరునై ఉండి గమ్మున పెట్టేసినాను, అది వేరే సంగతి.

ఆ రెండు దినాలు నేను వృథా అనుకున్నానే, మూడో దినం స్టీరింగ్ ముందు కూర్చున్నాక చూస్తే చేతులకు చాలా సంగతులు ముందే తెలిసిపోయి ఉన్నాయి. బండి ఎక్కేముందు ఆయన ఒక చుట్టు తిరిగేవాడు, టైర్లు చూసి, వంగి బండి కింద చూసేవాడు. మన వీధుల్లో కుక్కలు కార్ల కింద నీడలో పడుకుంటాయి, తెలుసు కదా. ఐదో దినం నేనూ చుట్టు తిరుగుతున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. చెప్పి చేయించింది కాదు. ఆయన చూసినాడో లేదో కూడా తెలియదు, ఏమీ అనలేదు.

ఒక సిగ్నల్ సంగతి చెప్పాలి. పొద్దన్నే ఆరుంబావు. ఎర్ర లైటు. నాలుగు దిక్కులా పురుగు లేదు. ముందటి చోట ఆయన అయితే "పోనీ పోనీ" అనేవాడు. ఈయన న్యూట్రల్‌లో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. వెనక ఒక జీపు వచ్చి హారన్ కొట్టి, పక్కనుంచి తిప్పుకొని పోయింది. డ్రైవర్ మా వైపు చూసిన చూపు మర్యాదగా లేదు. సార్ అటు చూడలేదు కూడా. పచ్చ లైటు పడింది, గేరు వేసినాడు. నేను అడిగినాను, "ఎవరూ లేరు గదా సార్?" అని. "నువ్వుండావు గదా" అన్నాడు. వెనక చిన్నోడు కిసుక్కున నవ్వినాడు. వాడికి ఆ జవాబు ముందే తెలుసు.

తిరుపతి రోడ్డు మీద నేర్చుకోవడంలో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది, బయటి ఊరివాళ్ళకు తెలియదు. కొత్తగా దిగిన యాత్రికులు రోడ్డును చూడరు, కొండను చూస్తారు. పసుపు గుడ్డలు, గుండ్లు, భుజాన పిల్లలు, "గోవిందా" అంటూ తలెత్తుకొని రోడ్డుకు అడ్డంగా నడిచేస్తారు. వాళ్ళది తప్పు అనడానికీ మనసొప్పదు. అలిపిరి వైపు అట్లాంటి గుంపు కనిపిస్తే సార్ హారన్ ముట్టడు, దూరం నుంచే వేగం తగ్గించుకుంటూ వస్తాడు. ఆ హారన్ అలవాటు నా చేతి నుంచి పోవడానికి తొమ్మిది దినాలు పట్టింది. ఎనిమిది దినాల్లో వచ్చింది కదా, ఒక దినం వడ్డీ.

ఇప్పుడు ఫోన్ సంగతి. బండి ఎక్కగానే ఆయన ఫోన్ డ్యాష్‌బోర్డు డబ్బాలో పడేస్తాడు. అది మోగుతూనే ఉంటుంది. నేను చేసిన 11 సార్లు కూడా ఆ డబ్బాలోనే మోగి ఉంటాయి. 12వ సారి బండి ఆగి ఉన్నట్టుంది, అందుకే చిన్నోడు ఎత్తినాడు. ఒకసారి వరసగా నాలుగు సార్లు మోగింది. సార్ ముఖం మారింది. "ఎడంపక్క ఆపమ్మా." ఇండికేటర్, అద్దం, బ్రేకు, న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, అన్నీ నాతో చేయించి, బండి ఆపించి, దిగి చెట్టు కిందికి పోయి మాట్లాడినాడు. ఎవరికో ఏమో అయిందని నాకు గుండె దడ. తిరిగొచ్చి సీటు బెల్టు పెట్టుకుంటూ, "కరేపాకు తీసుకురమ్మంటాది" అన్నాడు. దానికా ఇంత! కానీ మరుసటి దినం చిన్నోడికి ఫోన్ వచ్చింది. వాడు వెనక సీట్లోనే ఉన్నాడు, మాట్లాడినా ఎవరికీ ఏమీ కాదు. వాడు కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

ఘాట్ రోడ్డు గురించి కదిలిస్తే మాత్రం ఆయన నోరు విప్పుతాడు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచినారు, ఇప్పుడు దిగడానికి వాడుతున్నది అదే. రెండోది 1974లో వచ్చింది, ఎక్కడానికి. పాత రోడ్డు మలుపులు చేత్తో తెలుసుకోవాలేగాని కంటితో కాదంటాడు. ఏ గేర్లో ఎక్కే మిట్టో అదే గేర్లో దిగాలి, వేగాన్ని ఇంజనే పట్టుకోవాలి. దిగేంతసేపూ బ్రేకు తొక్కిపెడితే వేడెక్కి చివరి మలుపులో చేతులెత్తేస్తుంది. కొండ దిగడానికి కనీసం ఇంత సమయం పట్టాలని టీటీడీ పెట్టిన నిబంధన ఉంది, దిగేటప్పుడు 40 నిమిషాలు అని ఆయన లెక్క. కొందరు పైనంతా దూకుడుగా వచ్చి, గేటుకు కాస్త ముందు పక్కకు ఆపుకొని, మిగిలిన నిమిషాలు అక్కడ కూర్చొని గడిపి దర్జాగా వస్తారంట. "గేటు కాడ ఉండేవాళ్ళకు టైము సరిపోయినట్టే. బండ్లో కూచున్న పెండ్లాం పిల్లోళ్ళు చూసినారు గదా" అంటాడు. ఇంకొకటి చెప్పినాడు. బస్సులో ముందు సీట్లో కూర్చున్న చిన్నపిల్లలు కొండను చూడరంట, డ్రైవర్ చేతులు చూస్తారంట. మలుపు మలుపుకూ వాళ్ళూ గాల్లో స్టీరింగ్ తిప్పుతారంట. "ఒంటిచేత్తో తిప్పితే వాళ్ళూ ఒంటిచెయ్యే" అని.

ఎల్ బోర్డుతో కొండకు తీసుకుపోడు. అడగొద్దు, నేను అడిగి భంగపడినాను. జూపార్కు రోడ్డులో ఒక చిన్న మిట్ట మీద ఆపి, వెనక్కి జారకుండా లేపడం నేర్పిస్తాడు. హ్యాండ్ బ్రేకు పట్టుకొని, క్లచ్చు మెల్లిగా వదులుతుంటే ఒకచోట బండి ముక్కు కొంచెం లేచి వణుకుతుంది. అప్పుడు వదలాలి. అది నాకు పట్టుబడేసరికి ఎడమ మోకాలు వాచింది. ఆ ఆల్టో క్లచ్చు అంత గట్టి. బాగు చేయించుకోమని రెండుసార్లు చెప్పినాను, ఇప్పటికీ చేయించలేదు. ఒక స్టారు తీసేసింది దీనికే.

ఇంక అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించి, సార్‌నే అడిగినాను. రాసుకో అన్నాడు.

పన్నెండో దినమో పదమూడో దినమో, రాత్రంతా వాన. సార్ ఆలస్యంగా వచ్చినాడు. నన్ను వదిలిపెట్టి ఇంకొకరిని ఎక్కించుకోవాలి, వాళ్ళు అప్పటికే రెండుసార్లు చిన్నోడికి ఫోన్ చేసినారు. వచ్చేటప్పుడు ఆయనే నడిపినాడు. మా వీధిలోకి తిరగాలంటే డివైడర్ చివరిదాకా పోయి యూటర్న్ తీసుకొని రావాలి, అర కిలోమీటరు చుట్టు. ఆ దినం డివైడర్ మధ్యలో సందు దగ్గర తిప్పేసి, 60 అడుగులు రాంగ్ రూట్లో పోయి మా వీధిలోకి దూరినాడు. రోడ్డు ఖాళీ. నేను పట్టించుకోలేదు. తిరుపతిలో దాన్ని తప్పనుకునేవాళ్ళు ఎవరు?

మూడు దినాల తర్వాత సార్ పుత్తూరులో పెండ్లికి పోయినాడు. చిన్నోడు నా పక్కన కూర్చున్నాడు. (వానికి నేర్పించే అర్హత ఉందా అంటే ఇంకా లేదు. ఇది స్కూలు తప్పే, నాది కూడా, నేను ఒప్పుకొని ఉండకూడదు.) సరిగ్గా ఆ సందు కాడికి వచ్చేసరికి, "ఇట్లే తిప్పేయండి మేడమ్, సార్ గూడా అట్లనే పోతాడు" అన్నాడు. తిప్పినాను. ఎదురుగా పాల వ్యాను. వాడు లైట్లు కొట్టినాడు, నాకు కాళ్ళు బిగుసుకుపోయినాయి, చిన్నోడు తన వైపు బ్రేకు తొక్కినాడు. రెండు బండ్ల మధ్య ఒక జాన ఉంటుందేమో. పాలవ్యాను ఆయన దిగి సగం తమిళం సగం తెలుగులో తిట్టిన తిట్లలో నాకు అర్థమైనవి చాలు, మిగతావి అర్థం కాకపోవడమే మంచిదయింది.

మరుసటి దినం నేను కోపంగా పోయి సార్‌కు అంతా చెప్పినాను. చిన్నోడు టీ గ్లాసు పట్టుకొని నేల చూస్తున్నాడు. చెంప పగులుతుందనే అనుకున్నాను. సార్ నన్ను ఒక్కటే అడిగినాడు, "తిప్పేటప్పుడు వీడు ఏమన్న్యాడు?" ఉన్నదున్నట్టు చెప్పినాను. "సార్ గూడా అట్లనే పోతాడు" అన్నాడని.

చాలాసేపు మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది. ఆఖరికి, "ఏడాది పొడుగునా నేను ఆడ యూటర్న్ తిరిగింది వానికి గుర్తు లేదు టీచరమ్మా. ఆ ఒక్క దినం గుర్తుండాది" అన్నాడు. తర్వాత లేచి చిన్నోడి ముందర నిలబడి, "ఆ దినం నేను చేసింది తప్పురా" అన్నాడు. అంతే. వాడు తలెత్తి చూసిన చూపు నాకింకా గుర్తుంది. తిట్టు తినడానికి సిద్ధంగా ఉన్నవాడికి ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు పాపం. సార్ నా వైపు తిరిగి, ఇకమీదట తాను లేని దినం క్లాసు లేదన్నాడు. అన్నమాట ప్రకారం ఆ తర్వాత ఒక దినం జ్వరం వస్తే క్లాసు రద్దు చేసినాడు. దానికి బదులు చివర్లో ఇంకో దినం.

నాకు ఇక్కడ ఒక విషయం గుర్తొచ్చింది, రివ్యూకు సంబంధం లేదు గానీ రాసేస్తాను. మా బళ్ళో బోర్డు తుడిచేందుకు డస్టర్ ఉంది. నాకు అరచేత్తో తుడిచే అలవాటు. ఇరవై ఏళ్ళ అలవాటు. ఒకనాడు ఎనిమిదో తరగతి అమ్మాయిని బోర్డు మీద లెక్క చేయమంటే, డస్టర్ పక్కనే పెట్టుకొని అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి నాలాగే నడుముకు రాసుకుంది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంకా ఏమేమి చూసి పెట్టుకున్నారో ఈ పిల్లలు అని.

లైసెన్సు పరీక్ష సంగతి. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు) తీసుకున్న 30 దినాలకు పరీక్షకు పోవచ్చు, ఆరు నెలల లోపల పోవాలి. నేను మొదటిసారి హెచ్ ట్రాకులో రివర్స్ వస్తూ కర్రను ముట్టించి ఫెయిలైనాను. తప్పు సగం నాది, సగం స్కూలుది. 23 దినాల్లో రివర్స్‌కు రెండే దినాలు ఇస్తాడు. చాలదు. చేరేటప్పుడే గట్టిగా అడిగి నాలుగు దినాలు రాయించుకోండి. రెండోసారి పాసైనాను. ఫెయిలైనవాళ్ళను ఆయన మళ్ళా ఒక దినం ఊరికే నడిపిస్తాడు. రాత్రిపూట నడపడం, హైవే మీద నడపడం ఇక్కడ నేర్పించరు. ఆడవాళ్ళు నేర్పించేవాళ్ళు లేరు. కానీ ఆయన పక్కన కూర్చోవడానికి ఏ ఆడపిల్లా ఇబ్బంది పడాల్సిన పని లేదు, చెయ్యి మన చేతి మీదికి ఒక్కసారి రాదు. స్టీరింగ్ పట్టుకోవాల్సొస్తే కిందిభాగం రెండు వేళ్ళతో పట్టుకుంటాడు.

ఇప్పుడు మా అత్తను ఆసుపత్రికి నేనే తీసుకుపోతున్నాను. ఆదివారం మావాడు పక్కన కూర్చుంటాడు, ఇంటర్ రెండో సంవత్సరం. నేను కారు చుట్టూ తిరుగుతుంటే "ఏందమ్మా, ప్రదక్షిణమా?" అని ఎగతాళి. మొన్న ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు వాడూ అదే అడిగినాడు, ఎవరూ లేరు గదా అని. సార్ చెప్పిన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది, చెప్పలేదు. కార్లో ఇప్పుడు నాకంటే ముందే బెల్టు పెట్టుకుంటాడు. స్కూటీ ఎక్కితే మాత్రం హెల్మెట్ ఇంకా అద్దానికే తగిలిస్తాడు. అది ఈ ఫీజులో లేదు.

ఫీజు 5,500. ఎల్‌ఎల్‌ఆర్, పరీక్షకు కట్టేవి మనమే కట్టుకోవాలి, పైన వేరే ఖర్చులని ఏమీ అడగడు. పొద్దన్నే ఐదున్నర, ఆరు, ఆరున్నర బ్యాచులకే పోండి, ఏడు తర్వాత ఆటోల మధ్య క్లచ్చు తొక్కడంతోనే అర్ధగంట అయిపోతుంది. దిండు తీసుకుపోండి. నాలుగు స్టార్లు.

ఫోన్ చేయకండి. టీ అంగడి కాడ నిలబడి, డివైడర్ చివర యూటర్న్ వైపు చూస్తూ ఉండండి. డివైడర్ మధ్యలో సందు వైపు చూడకండి, తెల్ల ఆల్టో అటునుంచి రాదు.